గోల్ఫ్ పోటీలో వాలంటీర్లు: ఊరికే చేసిన పని ఎవరికి చేరుతుంది?

(బెంగళూరులో యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు అంశం చదవగానే కొందరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. గోల్ఫ్ ఏమిటి, మనమేమిటి అని. నిజమే. మనలో ఎక్కువమంది ఇళ్లలో ఎవరూ ఆ కర్ర పట్టి ఉండరు. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి కోలారు గనులకు వచ్చిన కుటుంబాలు మనవి. ఈ నగరం వీధులు ఊడ్చడానికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు మనవి. 1876లో మొదలైన బెంగళూరు గోల్ఫ్ క్లబ్ ఈ ఊరి మధ్యనే ఉంది. దాన్ని కంచె బయటి నుంచి చూశాం, బస్సులోంచి చూశాం. అంతే.

అయినా ఈ అంశం తీసుకోవడానికి కారణం ఉంది. మన పిల్లలకు ఇప్పుడు రకరకాల పిలుపులు వస్తున్నాయి. పరుగు పందేలకు వాలంటీర్లు కావాలి, పెద్ద పెద్ద ప్రదర్శనలకు వాలంటీర్లు కావాలి, ఆటల పోటీలకు కావాలి. టీషర్టు ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, మధ్యాహ్నం భోజనం పొట్లం ఇస్తాం, రండి అంటారు. మన పిల్లలు చిన్నప్పటి నుంచి సంఘంలో కుర్చీలు మోసినవాళ్లు, పండుగ విందుల్లో వడ్డించినవాళ్లు, సెలవుల్లో చిన్నపిల్లల తరగతులు నడిపినవాళ్లు. సేవ అన్న మాట చెవిన పడితే కాదనలేరు. అది మంచి గుణమే. కాని ఆ గుణం ఎవరి చేతికి అందుతోందో చూసుకోవాలి.

దాన్ని వివరించడానికి గోల్ఫ్ మంచి ఉదాహరణ. వారం వారం వందల మంది, కొన్నిచోట్ల వేల మంది జీతం లేని మనుషుల మీద నడిచే వృత్తి క్రీడ అది. అమెరికాలో ఆ ఏర్పాటు దశాబ్దాలుగా ఉంది. అందులో మెచ్చుకోవలసినదీ ఉంది, నిలదీయవలసినదీ ఉంది. నేను చెప్పదలచినది ఒక్కటే: ఊరికే చేసిన పని గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరికి చేరుతుంది. ఎవరికి చేరుతోందో తెలుసుకొని చేస్తేనే అది సేవ.

అంతమంది ఎందుకు?

మొదట ఈ ఆటకు అంతమంది ఎందుకు కావాలో చెబుతాను. క్రికెట్‌కు స్టేడియం ఉంటుంది. జనం ఒకచోట కూర్చుంటారు, ఆటగాళ్లు మధ్యలో ఆడతారు. గోల్ఫ్‌కు స్టేడియం లేదు. వంద ఎకరాలు దాటిన మైదానంలో 18 హోల్స్ పరుచుకొని ఉంటాయి. ఒక్కో హోల్‌కు మొదటి దెబ్బ కొట్టే చోటును టీ అంటారు, బంతి చివరికి పడాల్సిన గుంట ఉన్న నున్నటి పచ్చికను గ్రీన్ అంటారు. రెండింటి మధ్య దూరం చాలా హోల్స్‌లో మూడు నాలుగు వందల మీటర్లు ఉంటుంది. మామూలుగా గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు ఆట. రోజుకు 18 చొప్పున మొత్తం 72 హోల్స్. మొదటి రెండు రోజులు వంద దాటిన ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు చొప్పున జట్లుగా, పది పన్నెండు నిమిషాలకొక జట్టు బయలుదేరుతుంది. ఉదయం ఏడు గంటలకు మొదలైతే సాయంత్రం దాకా మైదానమంతటా ఏదో ఒక మూల ఆట సాగుతూనే ఉంటుంది.

ప్రేక్షకులు వాళ్ల వెంట నడుస్తారు. మధ్యలో అడ్డం ఒక తాడు మాత్రమే. పేరున్న ఆటగాడు కొట్టిన బంతి గంటకు 250 కిలోమీటర్లకు మించిన వేగంతో బయలుదేరుతుంది. బంతి బరువు 46 గ్రాములే, కాని గట్టిది. 2018లో ఫ్రాన్స్‌లో జరిగిన రైడర్ కప్‌లో అలాంటి బంతి తగిలి ఒక ప్రేక్షకురాలు ఒక కంటి చూపు కోల్పోయింది. అందుకని తాడు పొడవునా మనుషులు నిలబడాలి. అంతమందిని జీతానికి పెట్టుకుంటే ఖర్చు. వాలంటీర్లు వచ్చింది ఇక్కడే.

ఎవరేం చేస్తారు?

ఎక్కువమంది చేసేది మార్షల్ పని. ఒక్కో హోల్‌కు ఒక జట్టు, జట్టుకొక నాయకుడు. ఆటగాడు బంతి ముందు నిలబడగానే మార్షల్ రెండు చేతులు పైకెత్తుతాడు, లేదా నిశ్శబ్దం అని రాసిన పలక ఎత్తుతాడు. చుట్టూ ఉన్న జనం ఆగిపోవాలి, మాట ఆపాలి. దెబ్బ పడ్డాక బంతి పక్కకు పోతే అది ఎటు పోయిందో చెయ్యి చాపి ముందున్నవాళ్లకు సైగ చేస్తాడు. ఆట ఒక హోల్ దాటి వెళ్లాక జనం అటూ ఇటూ దాటడానికి తాడు దించుతాడు, తరవాతి జట్టు రాకముందే మళ్లీ కడతాడు. చెప్పడానికి సులువే. ఎండలో ఐదు గంటలు నిలబడి, తాగి వచ్చినవాణ్ణి కూడా మర్యాదగా ఆపాలి. 2024లో అమెరికాలోని ఫీనిక్స్ పోటీలో శనివారం జనం కిక్కిరిసిపోయి గేట్లు మూసేశారు, మద్యం అమ్మకం ఆపేశారు. అలాంటి రోజున మార్షల్ చేతిలో ఉండేది ఓపిక ఒక్కటే.

కొందరు బంతి ఎక్కడ పడిందో కనిపెట్టేవాళ్లు. ఫెయిర్‌వే పక్కన గడ్డి ఏపుగా ఉన్న చోట నిలబడి, బంతి పడిన చోట చిన్న జెండా గుచ్చుతారు. ఈ పనికి విలువ ఎందుకంటే, 2019 నుంచి నిబంధనల ప్రకారం పోయిన బంతిని వెతకడానికి మూడు నిమిషాలే గడువు. అంతకుముందు ఐదు నిమిషాలుండేది. గడువు దాటితే ఆటగాడికి శిక్ష. బంతిని చూసిన వాలంటీరు దాన్ని ముట్టుకోకూడదు. పొరపాటున కాలు తగిలి కదిలితే వెంటనే చెప్పాలి. ఆటగాడికి శిక్ష ఉండదు, బంతిని మొదటి చోట పెట్టి ఆడతారు. చెప్పకుండా దాస్తే అది అన్యాయం అవుతుంది. కాబట్టి ఆ పనికి చురుకైన కళ్లతో పాటు నిజాయితీ కావాలి.

మరి కొందరు ఆటగాళ్ల జట్టుతో పాటు 18 హోల్సూ నడుస్తారు. ఒకరు ప్రతి దెబ్బనూ నమోదు చేస్తారు. ఇంకొకరు ఆటగాళ్ల పేర్లూ స్కోర్లూ ఉన్న బోర్డు మోస్తారు. ఈ బోర్డు పని చాలాచోట్ల బడి పిల్లలకు ఇస్తారు. అమెరికా పీజీఏ టూర్‌లో షాట్‌లింక్ అనే ఏర్పాటుంది. ప్రతి దెబ్బ ఎంత దూరం పోయిందో, గుంటకు ఎంత దగ్గరగా పడిందో లెక్కకట్టి టీవీకి, ఇంటర్నెట్‌కు అందిస్తుంది. చాలా ఏళ్లు ఆ కొలతలు తీసింది లేజర్ యంత్రాల వెనక నిలబడిన వాలంటీర్లే. ఇప్పుడు ఆ పనిలో కొంత కెమెరాలు చేస్తున్నాయి. టీవీలో మనం చూసే అంకెల వెనక ఇంతకాలం ఉన్నది ఏ ఇంజనీరో అనుకుంటాం. అక్కడ ఉన్నది పదవీ విరమణ చేసిన బడి పంతులో, సెలవు పెట్టుకొని వచ్చిన నర్సో.

ఇంకా చాలా పనులున్నాయి. ఆటగాళ్లను హోటలు నుంచి తెచ్చే కార్లు నడపడం, సాధన చేసేచోట బంతులు అందించడం, చక్రాల కుర్చీలో వచ్చినవారికి దారి చూపడం, తప్పిపోయిన పిల్లల్ని తల్లిదండ్రులకు అప్పగించడం, ప్రథమ చికిత్స గుడారంలో ఉండడం. పిడుగులు పడే సూచన ఉంటే సైరన్ ఒక్కసారి దీర్ఘంగా మోగుతుంది. ఆట అక్కడికక్కడ ఆగాలి. మూడుసార్లు మోగితే మామూలు విరామం, రెండుసార్లు చిన్నగా మోగితే ఆట మళ్లీ మొదలు. పిడుగుల వేళ బండ్లు నడిపి అందరినీ లోపలికి చేర్చేది కూడా వాలంటీర్లే. నిజమైన ప్రాణరక్షణ పని ఇది. దీన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు.

పని చేయడానికి రుసుము

ఇక డబ్బు సంగతికి వద్దాం. అమెరికాలో ఇలాంటి పోటీలో వాలంటీరుగా చేరాలంటే చాలాచోట్ల వాలంటీరే రుసుము కట్టాలి. దానికి బదులు టోపీ, చొక్కా, పైకోటు, పని లేని పూట ఆట చూసే అనుమతి, భోజనం చీటీ ఇస్తారు. మూడు నాలుగు పూటలు పని చేస్తామని ఒప్పుకోవాలి. ఆటగాళ్ల సంతకాలు అడగకూడదు, ఫొటోలు తీయకూడదు.

2025 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్‌లో రైడర్ కప్ జరిగింది. అమెరికా జట్టుకూ యూరప్ జట్టుకూ మధ్య రెండేళ్లకోసారి జరిగే పోటీ అది. అక్కడ వాలంటీర్లు కట్టిన రుసుము 350 డాలర్లు. అదే పోటీలో మొదటిసారిగా అమెరికా ఆటగాళ్లకు తలా 5 లక్షల డాలర్లు కేటాయించారు. అందులో 3 లక్షలు వాళ్లు ఎంచుకున్న దాతృత్వ సంస్థలకు, 2 లక్షలు వాళ్ల చేతికి. పోటీ రోజున లోపలికి రావడానికి టికెట్టు సుమారు 750 డాలర్లు. టికెట్టుతో పోలిస్తే 350 చవకే కదా అని సంతోషంగా కట్టినవాళ్లున్నారు. వాళ్ల సంతోషాన్ని నేను కాదనను. ఆ ఆటంటే ప్రాణం పెట్టేవాళ్లకు తాడుకు ఇవతల నిలబడడమే పెద్ద బహుమానం. కాని ఒక సంగతి గమనించండి. నాలుగైదు రోజులు సెలవు పెట్టగలిగి, పైగా రుసుము కట్టగలిగినవాడికే ఆ పని దొరుకుతుంది. హోటల్లో గదులు శుభ్రం చేసే అమ్మాయికి ఆ ఆటంటే ఎంత ఇష్టమున్నా ఆమెకు దొరకదు. ఉచితంగా పని చేయగలగడం కూడా ఉన్నవాళ్లకే కుదిరే వ్యవహారం అయిపోయింది.

మంచి పక్షం

దీన్నంతా దోపిడీ అని ఒక్కమాటలో కొట్టిపారేస్తే అబద్ధం చెప్పినట్టే. పీజీఏ టూర్ పోటీల్లో చాలావాటిని నడిపేది లాభాపేక్ష లేని స్థానిక సంస్థలు. టికెట్లు, కంపెనీల ప్రకటనలు, గుడారాల అద్దె నుంచి వచ్చిన దాంట్లో ఖర్చులు పోగా మిగిలింది ఆ ఊరి ఆసుపత్రులకు, బడులకు, అనాథ శరణాలయాలకు పోతుంది. ఇది 1938లో ఫ్లోరిడాలోని పామ్ బీచ్ పోటీలో ఇచ్చిన 10 వేల డాలర్ల విరాళంతో మొదలైంది. 2020 నాటికి ఆ మొత్తం 300 కోట్ల డాలర్లు దాటింది.

మెంఫిస్ నగరంలో సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి ఉంది. హాస్యనటుడు డానీ థామస్ 1962లో దాన్ని ప్రారంభించాడు. క్యాన్సర్ వంటి జబ్బులతో వచ్చిన పిల్లల కుటుంబాలకు అక్కడ చికిత్సకు గాని, బసకు గాని, భోజనానికి గాని బిల్లు వేయరు. 1970 నుంచి ఆ ఊరి గోల్ఫ్ పోటీకి థామస్ తన పేరు ఇచ్చాడు, అప్పటి నుంచి పోటీ ఆ ఆసుపత్రికి అండగా ఉంది. అక్కడ ఒక మార్షల్ నాలుగు రోజులు ఎండలో నిలబడితే ఆ మేరకు ఖర్చు తగ్గుతుంది, మిగులు పెరుగుతుంది, ఆ మిగులు పిల్లల మందుగా మారుతుంది. ఆ దారి కంటికి కనిపిస్తుంది.

ఊరికే ఒక లెక్క వేసి చూద్దాం. 1,500 మంది వాలంటీర్లు తలా 20 గంటలు పని చేస్తే 30 వేల గంటలు. అమెరికా కేంద్ర ప్రభుత్వ కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ఆ లెక్కన 2 లక్షల 17 వేల 500 డాలర్లు. ఆ సొమ్ము ఆసుపత్రికి చేరితే దానికి దానం అని పేరు పెట్టవచ్చు. ఆసుపత్రికి చేరకుండా మరొకరి ఖాతాలో మిగిలిపోతే? అప్పుడది ఎవరికో ఇవ్వకుండా మిగుల్చుకున్న కూలి.

ఈ అనుమానం ఊహ కాదు. 2025లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో మొత్తం బహుమతి 2 కోట్ల 50 లక్షల డాలర్లు, గెలిచిన ఒక్కడికి 45 లక్షలు. 2024 ఆరంభంలో పీజీఏ టూర్ ఎంటర్‌ప్రైజెస్ అని లాభాల కోసం పని చేసే కంపెనీ పెట్టారు. అందులోకి పెట్టుబడిదారుల బృందం మొదటి విడతగా 150 కోట్ల డాలర్లు తెస్తామంది. ఆటగాళ్లకు అందులో వాటాలు ఇచ్చారు. తాడు పట్టుకున్నవాళ్లకు ఎప్పటిలాగే టోపీ ఇచ్చారు. ఊరి సంస్థ, ఊరి ఆసుపత్రి అన్న పాత కథ కొంతవరకు ఇంకా నిజమే. కాని పక్కనే కొత్త కథ మొదలైంది. పని మారలేదు, చొక్కా మారలేదు, పని ఫలితం పోయే దారి మారవచ్చు. అది అడిగి తెలుసుకోవలసింది పని చేసేవాడే.

అమెరికా చట్టం కూడా ఈ గీత గీసింది. 1938 నాటి శ్రామిక ప్రమాణాల చట్టం ప్రకారం దాతృత్వ, మత, ప్రజాసేవా సంస్థలకు మనిషి ఊరికే పని చేయవచ్చు. లాభం కోసం నడిచే ప్రైవేటు యజమానికి మామూలుగా వాలంటీరు పేరుతో ఉచితంగా పని చేయకూడదు. మొదటి గోల్ఫ్ విరాళం వచ్చిన సంవత్సరమే ఈ చట్టమూ వచ్చింది. రెండూ ఎదురెదురు నిలబడి మనల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నాయి: ఈ పని ఎవరి కోసం?

తాడుకు అవతల ఉన్నవాళ్లు

ఇప్పుడు మనవైపు చూద్దాం. ఇండియన్ ఓపెన్ 1964లో మొదలైంది. 2012లో ఆ పోటీ మన బెంగళూరులోనే, కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ మైదానంలో జరిగింది. హైదరాబాదులో గోల్కొండ పక్కన గోల్కొండ మాస్టర్స్ జరుగుతోంది. 2025 అక్టోబరులో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో 40 లక్షల డాలర్ల బహుమతితో అంతర్జాతీయ పోటీ జరిగింది. ఇలాంటివి పెరిగేకొద్దీ మన కాలేజీ పిల్లలకు పిలుపులూ పెరుగుతాయి.

ఆ మైదానంలోకి వాలంటీరుగా అడుగు పెట్టిన మన పిల్లవాడికి మొదట కనిపించవలసింది ఆటగాడు కాదు. తెల్లవారక ముందే గ్రీన్ మీద మంచు తుడిచి గడ్డి కత్తిరించిన మనిషి కనిపించాలి. సంచీ మోసే క్యాడీ కనిపించాలి. గుడారాల వెనక పళ్లాలు కడిగే ఆవిడ కనిపించాలి. మన దేశంలో చాలా క్లబ్బుల్లో క్యాడీకి నెల జీతం ఉండదు, రౌండుకు ఇంత అని కూలి. వాన పడి ఆట ఆగితే కూలి లేదు. 2020 లాక్‌డౌన్‌లో మైదానాలు మూసేసినప్పుడు ఆ కూలీ ఆగిపోయింది.

అయినా ఈ ఆటకు మన దేశంలో పేరు తెచ్చినవాళ్లలో ఎంతమంది ఆ వైపు నుంచి వచ్చారో చూడండి. 1991లో, 1993లో ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా మొదలైనవాడు. 2016లో, 2017లో వరసగా గెలిచిన చౌరాసియా, రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక చూసుకొనే పనివాడి కొడుకు. 1829లో పుట్టిన క్లబ్ అది. గోడ లోపల సంచీలు మోసినవాళ్ల చేతుల్లో ఎంత నేర్పు ఉందో ఈ ఇద్దరూ చూపించారు.

అమెరికాలోనూ ఇదే కథ, రంగు వేరు. అక్కడి వృత్తి గోల్ఫర్ల సంఘం 1934లో తెల్లవాళ్లకే సభ్యత్వం అని నియమం రాసుకొని, 1961 దాకా దాన్ని తీయలేదు. మాస్టర్స్ పోటీ జరిగే అగస్టా క్లబ్‌లో 1982 దాకా ఆటగాళ్లు ఆ క్లబ్ క్యాడీలనే పెట్టుకోవాలి, ఆ క్యాడీలు నల్లజాతివాళ్లు. ఒక నల్లజాతి ఆటగాడు, లీ ఎల్డర్, అక్కడ మొదటిసారి పోటీలో ఆడింది 1975లో. సంచీ మోయడానికి పనికొచ్చిన భుజం, కర్ర పట్టడానికి పనికిరాలేదు. ఊరి చివర ఉండి ఊరంతా శుభ్రం చేసిన మన పెద్దలకు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు.

వాలంటీరు పనికి గౌరవం ఉంది, కూలి లేదు. క్యాడీ పనికి, ఊడ్చే పనికి కూలి ఉంది, గౌరవం లేదు. ముగింపు రోజున వేదిక మీద నుంచి వాలంటీర్లకు కృతజ్ఞతలు చెబుతారు, చప్పట్లు కొడతారు. పళ్లాలు కడిగినావిడ అప్పటికి ఇంకా కడుగుతూనే ఉంటుంది.

ఏషియాడ్ తీర్పు

ఆటల పోటీలకూ కూలికీ ఉన్న సంబంధం గురించి మన సుప్రీంకోర్టు 1982 సెప్టెంబరులోనే గొప్ప మాట చెప్పింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, పైవంతెనలు కడుతున్నారు. రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఒడిశా నుంచి తెచ్చిన కూలీలు. కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. అందులోంచి మనిషికి ఒక్కో రూపాయి జమాదారు కోసుకునేవాడు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రాటిక్ రైట్స్ అనే సంఘం రాసిన ఉత్తరాన్నే న్యాయస్థానం పిటిషన్‌గా తీసుకుంది. కనీస వేతనం కంటే తక్కువకు మనిషి పని చేస్తున్నాడంటే ఆకలి అతన్ని నెడుతోందని అర్థం, అది వెట్టిచాకిరీయే, రాజ్యాంగం 23వ అధికరణం దాన్ని నిషేధించింది అని జస్టిస్ భగవతి ధర్మాసనం తీర్పు చెప్పింది.

వాలంటీరు పని వెట్టి కాదు. అతను రానంటే ఎవరూ ఏమీ చేయలేరు. వెట్టివాడు రానంటే పిల్లలు పస్తు. ఈ తేడా మరిచిపోకూడదు. కాని ఈ రెండూ ఒకదానికొకటి తగిలే చోటు ఒకటుంది. నిన్నటి దాకా కూలి ఇచ్చి చేయించిన పనిని ఈ ఏడాది సర్టిఫికెట్ ఇచ్చి మన పిల్లలతో చేయిస్తే, మన పిల్లవాడి సేవ మరో ఇంటి కుండను ఖాళీ చేస్తుంది. మంచి మనసుతో చేశాం కదా అంటే ఆ కుండ నిండదు.

పేరు ఇచ్చే ముందు

కాబట్టి వెళ్లవద్దని నేను చెప్పడం లేదు. అడిగి వెళ్లండి అంటున్నాను. ఐదు ప్రశ్నలు రాసుకోండి.

ఒకటి, పోటీ ఎవరిది? ట్రస్టుదా, కంపెనీదా, రెండింటి మధ్య కాంట్రాక్టు తీసుకున్న ఏజెన్సీదా? ఖర్చులు పోగా మిగిలింది ఎక్కడికి పోతుంది? దాతృత్వానికి అంటే, ఏ సంస్థకు, నిరుడు ఎంత ఇచ్చారు అని అడగండి. నిజంగా ఇచ్చినవాళ్లు చెప్పడానికి సంతోషిస్తారు.

రెండు, నాకు ఇచ్చే పని ఏమిటి? స్కోరు రాయడమా, దారి చూపడమా, లేక బస్తాలు మోయడం, చెత్త ఎత్తడం, కుర్చీలు వేయడమా? ఇంతకుముందు ఆ పనికి కూలి తీసుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే ఆ పని వాళ్లదే, మనది కాదు.

మూడు, ఎన్ని గంటలు? రాతలో ఇస్తారా? నీళ్లు, నీడ, మరుగుదొడ్డి ఉన్నాయా? ఆడపిల్లలు చీకటిపడ్డాక ఇంటికి చేరడానికి బండి ఎవరు ఏర్పాటు చేస్తారు? బంతి తగిలితే, ఎండదెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది, బీమా ఉందా? కంటికి బంతి తగిలితే ఏమవుతుందో ఇందాక విన్నారు.

నాలుగు, రుసుము ఏమైనా ఉందా? ఉంటే, కట్టలేని పిల్లలకు మినహాయింపు ఉందా? మన సంఘాల నుంచి పంపేటప్పుడు కట్టగలిగినవాళ్ల పిల్లల్నే పంపితే, సర్టిఫికెట్లు మళ్లీ ఉన్న ఇంటికే చేరతాయి. పౌరకార్మికురాలి కూతురికి ఇంగ్లిషు బాగా వచ్చి, లెక్క చురుకుగా చేయగలిగితే ఆమెను స్కోరు రాసే పనికి పంపండి. బస్సు ఛార్జీ మనం పెట్టుకుందాం. ఆ పనిలో నేర్చుకోవలసింది చాలా ఉంది: పెద్ద గుంపును నడిపించడం, వైర్‌లెస్‌లో క్లుప్తంగా మాట్లాడడం, తప్పు జరిగితే వెంటనే చెప్పడం.

ఐదు, పక్కన పని చేసేవాళ్ల సంగతేమిటి? మీకు నీళ్ల సీసా ఇస్తే, గడ్డి కోసేవాడికీ ఇస్తున్నారా? మీ గుడారంలో భోజనం పెడితే, సంచీ మోసేవాడు ఎక్కడ తింటున్నాడు? ఈ ప్రశ్న అడిగినందుకు మిమ్మల్ని రెండోసారి పిలవకపోవచ్చు. పిలవకపోతే మానెయ్యనివ్వండి. అడగకుండా పదిసార్లు వెళ్లడం కంటే అడిగి ఒక్కసారి వెళ్లడం మేలు.

సంఘ పెద్దలకు ఒక మనవి. యువజన బృందాలకు ఇలాంటి పిలుపు వస్తే మంచిదే కదా అని వెంటనే జాబితా పంపకండి. ఈ ప్రశ్నలకు నిర్వాహకుల నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకొని, నోటీసు బోర్డు మీద పెట్టి, తరవాత పేర్లు అడగండి. పిల్లలు తిరిగి వచ్చాక వాళ్లను కూర్చోబెట్టి ఏం చూశారో అడగండి. ఎంతమంది ఆటగాళ్లతో ఫొటో దిగారని కాదు, ఎంతమంది పనివాళ్లతో మాట్లాడారని అడగండి.

మన అవ్వతాతలు ఊరికే పని చేశారు, చేయక తప్పని రోజుల్లో. మన పిల్లలు ఇప్పుడు ఊరికే పని చేస్తున్నారు, చేయనవసరం లేని రోజుల్లో. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మన కుటుంబాలు సంపాదించుకున్న స్వాతంత్ర్యం. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో మనమే నిర్ణయించుకుందాం. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి, చివరి వరసల నుంచి మొదలుపెడదాం.